రెక్క విరిగిన రాజు

ఒక నవల కోసం ఎదురుచూడడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. ఎక్కడో సముద్రాల అవతల విడుదలైన పుస్తకం, ఇక్కడ వాళ్ళు పళ్ళు తోముకునేలోపే ఫోన్‌లోకి దిగిపోతుంది. నేను డిగ్రీ చదివే కాలంలో గోదావరిఖనికి అట్లాంటి నవల రావడమంటే పెళ్ళికొడుకు తరలిరావడమే. ముందు కబురు రావాలి, తర్వాత ముహూర్తం తెలియాలి, ఆ తర్వాత వానో బందో అడ్డం పడి బండి ఎక్కడో ఆగిపోవాలి, చివరికి వచ్చిన రోజు వాడకట్టంతా గుమ్మాల్లోకి వచ్చి చూడాలి. (ఈ పోలిక నేను ఊరికే తేలేదు. కాస్త ఓపిక పడితే మీకే తెలుస్తుంది.)

మా బాపు భూగర్భ గనిలో పంపు నడిపేవాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో బాపు, అమ్మ, నేను ఉండేవాళ్ళం. అక్కకు బెల్లంపల్లిలో పెళ్ళయిపోయింది. కాలేజీలో నా పక్క కూర్చునే పిల్లను అందరూ పొట్టి అనేవాళ్ళు. హైదరాబాద్‌లో ఉండే పొట్టి వాళ్ళ పెద్దమ్మ కూతురు ఒక సెలవుల్లో వచ్చి, ఒక లావుపాటి ఇంగ్లీషు నవల మొదటి రెండు భాగాలు మరిచిపోయి పోయింది. మా బతుకులు అక్కడే మారిపోయాయి. మూడు భాగాల నవల అది, మూడోది అప్పటికి ఇంకా రాలేదు. మంచుకొండల మీద రెక్కలున్న మనుషుల రాజ్యం. ఆ రాజ్యానికి నల్లరెక్కల రాకుమారుడు. అతన్ని ప్రేమించే ఒక వంటమనిషి కూతురు. రాకుమారుడి అసలు పేరులో సగం అక్షరాలు పలకవు, మిగతా సగానికి మా నోరు తిరగదు. అందుకని మేమిద్దరం ముద్దుగా "రాజు" అని పెట్టుకున్నాం.

ఆ కథను మే నెల ఎండల్లో చదివాను. అక్కడ వంటమనిషి కూతురు మంచుతుఫానులో గడ్డకట్టుకుపోతుంటే, ఇక్కడ నేను కూలర్‌లో బిందెడు నీళ్ళు పోసుకుని, దాని ముందు తడిగుడ్డ కప్పుకుని కూర్చుని ఆమె కోసం వణికేదాన్ని. మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిలో బాంబులు పేల్చినప్పుడు మా క్వార్టర్ అద్దాలు, అరల్లోని గిన్నెలు గడగడలాడేవి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడే. అయినా డ్రాగన్ మొదటిసారి నిప్పు కక్కే పేజీలో ఉండగా అది పేలేసరికి నేను పెట్టిన కేక విని, అమ్మ కూర మాడబెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. డాబా మీద నుంచి కనిపించే కరెంటు ప్లాంటు పొగగొట్టాలు అప్పట్నుంచీ నాకు శత్రురాజు కోట బురుజులే.

రెండో భాగం చివర శత్రువులు రాజును పట్టుకుని, కుడిరెక్క విరగ్గొట్టి, చీకటిగుహలో పడేశారు. అక్కడితో పుస్తకం అయిపోయింది! (ఆలోచిస్తే, బొగ్గుబాయి పిల్లలకు చీకటిగుహ ఒక లెక్క కాదు. మా బాపు రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని అట్లాంటి దాంట్లోకే దిగి వచ్చేవాడు. నేను మాత్రం రాజు కోసమే ఏడ్చాను.) పొట్టి వాళ్ళది చర్చికి పోయే కుటుంబం. ఆదివారం ప్రార్థనలో అది కళ్ళు మూసుకుని రాజు ప్రాణం కోసం మొక్కేది. చదివి చదివి ఆ రెండో భాగం అట్టలు ఊడిపోతే, కాలేజీ రోడ్డులో జిరాక్స్ షాపు నడిపే అతనికి కుట్టమని ఇచ్చాం. గంటలో అయ్యే పనికి అతను వారం తీసుకున్నాడు. అడిగితే "మిషన్ ఖరాబైంది" అన్నాడు. పుస్తకం కుట్టడానికి సూది, దారం తప్ప మిషనెందుకో మాకు తట్టలేదు.

ఏడాదిన్నర తర్వాత మూడో భాగం వస్తోందని తెలిసింది. పొట్టి వాళ్ళన్న ఆన్‌లైన్‌లో మా ఇంటి చిరునామాతో బుక్ చేశాడు. ఒక ఉదయం నేను క్వార్టర్ వెనక నల్లా దగ్గర డ్రమ్ము నింపుతుంటే పొట్టి ఫోన్ చేసింది, మంగళవారం చేరుతుందట. ఇక చూడండి, నాకు ఒళ్ళు తెలియలేదు. మా వెనక గోడ ఛాతీ ఎత్తు ఉంటుంది. గోడ అవతల సైరన్ అత్త. మనిషి మంచిదే. కాకపోతే బాయి దగ్గర ఏం జరిగినా సైరన్ కూయకముందే ఆమె చెప్పేసేది, అందుకే ఆ పేరు. ఆమె ఆ పొద్దున గోడ పక్కన కూర్చుని గిన్నెలు తోముతోంది. ఆమె చెవిలో పడ్డ నా మాటలు ఇవీ:

"మంగళారం వస్తడా? పక్కానా?... ఏడాదిన్నర సంది ఆగిన, ఇంక నాతోని గాదు... రాజుకు ఒక రెక్క ఇరిగితే ఇరిగింది, నాకేం ఫికర్ లేదు. పానంతోని ఉంటే సాలు... వచ్చినంక నేను తలుపేసుకుంట. అన్నం నీళ్ళు గూడ అడుగ... బాపు ఫస్ట్ షిఫ్టుకు పోయినంక వస్తే మంచిగుండు... ఏయ్, ముందు నా దగ్గర్నే ఉండాలె! నేను పంపినంకనే నీ దగ్గరికి."

మా వైపు రెక్క అంటే పక్షిదే కానక్కర్లేదు. రెక్కాడితే గాని డొక్కాడదని అనుకునే జనం మేం. మనిషి చెయ్యిని కూడా రెక్క అనే అంటాం. సైరన్ అత్త తోముతున్న గిన్నె వదిలేసి, మసి చేతులతోనే మా వంటింట్లోకి వచ్చిందట. "వదినా, నీ బిడ్డె మంగళారం లేచిపోతది. పిలగాని పేరు రాజు. రెక్క ఇరిగినోడు" అని చెప్పి, "ఇంకో మాట గూడ అన్నది గని, అది నా నోటితోని చెప్ప" అందట.

అమ్మ నన్ను నేరుగా ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం బీరకాయ చెక్కు తీస్తూ, ఎవరితోనో అన్నట్టు, "ఒంటిరెక్క మనిషి ఏం పని చేసుకొని బతుకుతడు? పెండ్లాన్ని ఎట్ల సాదుతడు?" అంది. నేనేమో మొదటి రెండు భాగాలు మళ్ళీ నెమరేసే హడావుడిలో ఉన్నాను. అమ్మ కూడా రాజు గురించి దిగులు పడుతోందని ఎంత మురిసిపోయానో! "ప్రేముంటే రెక్కలెందుకమ్మా? ఆమెనే ఆయన్ను సాదుతది" అన్నాను. అమ్మ బీరకాయ, కత్తిపీట అక్కడే వదిలి ముందుగదిలోకి వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి బాపు దగ్గు వినిపించింది. మా బాపుకు కోపం వస్తే అరవడు, దగ్గుతాడు.

తర్వాత జరిగినవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి. కాలేజీ మాన్పించి, కమాన్‌పూర్ మేనత్త ఎప్పుడో తెచ్చిన సంబంధం ఖాయం చేద్దామని బాపు ఆ రోజే అనేశాడు. అంతకుముందు ఆ పిల్లగాడెవడో చూడాలి కదా. "ఖనిల రాజులు మస్తుమంది ఉంటరన్నా. రెక్క ఇరిగిన రాజు ఒక్కడే" అని సైరన్ అత్త తేల్చేసింది. ఎవరనుకున్నారు, మా పుస్తకం కుట్టిన జిరాక్స్ అతనే! అతని పేరు నిజంగానే రాజు. ఈమధ్యే బండి మీద నుంచి పడి చేతికి కట్టు కట్టించుకున్నాడు. నేను అతన్ని "అన్నా, గీ పేజీలు రెండు కాపీలు" అని తప్ప వేరే మాట అనలేదు. ఆ "అన్నా" విన్నప్పుడల్లా అతని మొహం ఎందుకు వాడిపోయేదో మాత్రం నేనెప్పుడూ పట్టించుకోలేదు.

బలం కావాలని బాపు బెల్లంపల్లి నుంచి బావను పిలిపించాడు. మా బావకు టైర్ల దుకాణం, పెద్ద మీసాలు. మనసు మాత్రం వెన్న. ఇద్దరూ కలిసి జిరాక్స్ షాపుకు పోయారు. (అక్కడి ముచ్చటను బావ తర్వాత ఎన్నిసార్లు నటించి చూపించాడో! ప్రతిసారీ మీసం ఇంకొంచెం మెలితిరిగేది.)

"రాజంటే నువ్వేనా?" అన్నాడట బావ, చొక్కా చేతులు మడుస్తూ.

"నేనే అన్నా."

"రెక్కకేమైంది?"

"బండి మీదికెళ్ళి పడ్డ. వచ్చే నెలకు మంచిగైతదన్నరు."

బాపు ఒకసారి దగ్గి, మా లైను, క్వార్టర్ నంబరు చెప్పి, "మా బిడ్డ ఎరుకేనా నీకు?" అన్నాడు. అతని మొహం వెలిగిపోయిందట. మంచి చెయ్యితో స్టూలు తుడిచి వేసి, "కూసోండ్రి కాకా. ఎరుకే. మంచి పిల్ల. మంచిగ సదువుతది" అన్నాడు. బావ గుడ్లురిమి, పెదవి కొరికి, "మంగళారం మా ఇంటికొస్తవారా?" అన్నాడు. మా బావ లెక్కలో అది బెదిరింపు. మంగళవారం మా గుమ్మం తొక్కి చూడు, నీ రెండో రెక్క కూడా ఉండదు అని దానర్థం.

"వస్త అన్నా! తప్పకుండ వస్త! అమ్మను గూడ తీస్కొస్త" అన్నాడు అతను. అప్పటికే ఛాయ్ వచ్చింది. ఇంటికి తిరిగొచ్చాక అమ్మ, "కొట్టలేదా?" అంటే, "ఛాయ్ తాగినంక కొట్టుడు ఎట్లత్తా?" అన్నాడట బావ. బాపు మాత్రం చాలాసేపు ఆలోచించి, "మొండి ధైర్యమున్నోడే. లేవదీస్కపోతానికి తల్లిని గూడ తీస్కొస్తడట" అన్నాడు.

మంగళవారం రానే వచ్చింది. నేను తలంటుకున్నాను. పండక్కి కుట్టించుకున్న డ్రెస్సు వేసుకున్నాను. (అంతటి రాజు వస్తుంటే పాత బట్టలతో ఎట్లా?) నేను ముస్తాబయ్యేకొద్దీ అమ్మ మొహం పాలిపోవడం నాకు కనపడలేదు. బాపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జ్వరమొచ్చినా ఒక్క రోజు మస్టర్, అంటే హాజరు, పోగొట్టుకోని మనిషి!

"బాపూ, డ్యూటీకి పోలేదా?"

"పానం మంచిగ లేదు."

గుమ్మం పక్కనే బావ. "బావా, గిట్ల చెప్పకుండ వచ్చినవేంది?"

"గాలి మార్పుకు వచ్చిన" అన్నాడు బావ. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే మా ఊరికి, గాలి మార్పుకు! అయినా నాకు అనుమానం రాలేదు. నా చెవులన్నీ వీధిలో బండి చప్పుడు మీదే ఉన్నాయి. ఒకసారి గేటు దాకా పోతే, నా వెనకాలే బావ వచ్చాడు.

ఆటో ఆగింది. ఇస్త్రీ చొక్కా, మెడలోంచి వేలాడే కట్టులో చెయ్యి, నుదుట బొట్టుతో జిరాక్స్ రాజు దిగాడు. వెనక అతని తల్లి, చేతిలో పండ్ల సంచి, మల్లెపూల పొట్లం. నేను నిజంగానే ఆశ్చర్యపోయి, "అన్నా, మీరేంది గిట్లొచ్చిండ్రు?" అన్నాను. అతని మొహం ఎప్పటిలాగే వాడింది. లోపల అందరూ కూర్చున్నారు. వెనక తలుపులోంచి చూస్తే, గోడ మీద సైరన్ అత్త తల లేచింది.

రాజు తల్లే మొదలుపెట్టింది. "అన్నా, మీరే దుకాణం దాక వచ్చి పిలిచిండ్రంటే మస్తు సంబురమైంది. సంబురానికి మావోడు రెండు దినాల సంది అన్నం తింటలేడు."

"నేను పిలుసుడేంది?" అని బాపు ఆమె వైపు చూసి, నా వైపు తిరిగాడు. దగ్గలేదు. అది చూసి మొదటిసారి నాకు భయమేసింది. "బిడ్డా, నిజం చెప్పు. గీ పిలగానితోని పోదామనుకున్నవా?"

"ఏడికి?"

"ఏడికో నాకేమెరుక! మంగళారం రాజు వస్తడని, రెక్క ఇరిగినా ఫికర్ లేదని, నేను డ్యూటీకి పోయినంక తలుపేసుకుంటనని ఫోన్ల చెప్పినవట గద! సదువుకోమని పంపితే గిదేనా నువ్వు సదివింది?"

నాకు విషయమంతా ఒక్కసారిగా అర్థమైంది. ఒకవైపు నవ్వు, ఒకవైపు ఏడుపు. "బాపూ, గా రాజు గీ రాజు గాదు! ఆయనకు రెక్కలుంటయ్!" అన్నాను.

"గీయనకు లేవా?" బాపు అతని కట్టు వైపు చూపించాడు.

"ఎగిరే రెక్కలు బాపూ! నల్లయి! శత్రువులు ఇరగ్గొట్టిండ్రు. ఆయనది మంచుకొండల మీద రాజ్యం..."

బావ మెల్లగా లేచి బాపు చెవి దగ్గర వంగాడు. అయినా అందరికీ వినిపించింది. "మామా, ముందు పిల్లను దవాఖానల సూపెడదాం."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు, అంతదాకా తల దించుకుని కూర్చున్న జిరాక్స్ రాజు నోరు విప్పాడు. "కాకా, ఆమె చెప్పేది నిజమే. అది కథల పుస్తకం. రెండో భాగం నేనే కుట్టిన. కుట్టుకుంట కుట్టుకుంట మొత్తం సదివిన. రాజును గుహల పడేస్తరు, ఆడికి అయిపోతది." నా వైపు చూశాడు. ఆ చూపులో ఆశ ఆరిపోతోంది, ఇంకేదో వెలుగుతోంది. "మూడోది ఇయ్యాలనా వచ్చేది?"

నేను తలూపేలోపే బయట హారన్ మోగింది. "పార్సిల్!" అని కేక. రెండు రోజులుగా ఎవరినో ఒకరిని పట్టుకోవాలని కాచుకుని ఉన్న బావ ఒక్క గెంతులో బయటికి పోయి, తెచ్చిన మనిషి భుజం పట్టుకున్నాడు. "నీ పేరేంది?" నెరిసిన జుట్టాయన, చెమటలు కారుతున్నాయి. "నా పేరెందుకు సారూ, మీ పేరు చెప్పి సంతకం పెట్టుండ్రి. ఇంకా గోదారి అవతల జైపూర్ దాక పోవాలె" అన్నాడు.

పార్సిల్ బాపే విప్పాడు. అట్ట మీద నల్లరెక్కల రాజు, ఒక రెక్క వాలిపోయి, మంచులో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. బాపు దాన్ని చాలాసేపు చూశాడు. "వీడేనా?"

"ఆయన్నే బాపూ."

"మంచుదేశమంటివి. ఒంటి మీద అంగేది?"

మొదట నవ్వింది సైరన్ అత్త, గోడ మీద నుంచే. తర్వాత అమ్మ, ఏడుస్తూనే. ఆ తర్వాత బావ నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. నవ్వనిది ఒక్క రాజు తల్లి. ఆమెకు అప్పటికి మొత్తం అర్థమైంది. మల్లెపూల పొట్లం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. బాపు అది గమనించాడు. లేచి, ఎప్పుడూ ఎవరి ముందూ వంగని మా బాపు, రాజు ముందు చేతులు జోడించాడు. "తమ్మీ, తప్పు మాది. కొట్టొద్దామని మీ దుకాణానికి వచ్చినం. నువ్వు ఛాయ్ తాగిపిచ్చినవ్."

"అయ్యో, పర్వాలేదు కాకా" అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి. తల్లి లేచి, పొట్లం విప్పి పూలు నా జడలో తురిమింది. "తెచ్చిన పండ్లు వాపస్ తీస్కపోవుడు మంచిది గాదు. తినుండ్రి. పిల్లను సదువుకోనియ్యి అన్నా" అంది. ఆమె చెయ్యి నా తల మీద ఒక క్షణం ఎక్కువే ఆగింది. వాళ్ళు ఆటో ఎక్కుతుంటే రాజు వెనక్కి తిరిగి, "పుస్తకం అయినంక జర నాకు గూడ ఇయ్యరా?" అన్నాడు. నన్ను కాదు, బాపును అడిగాడు.

కమాన్‌పూర్ సంబంధం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను అనుకున్నట్టే తలుపేసుకుని చదివాను. అయితే అన్నం పూట బాపు తలుపు కొట్టేవాడు. "ఏమాయె? గుహలకెళ్ళి బయటపడ్డడా?" మస్టర్ పోగొట్టుకున్న మనిషికి ఆ మాత్రం హక్కుంది కదా. కంచం ముందు కూర్చుని కథ చెప్పేదాన్ని. రాజు విరిగిన రెక్కతోనే యుద్ధానికి పోయాడని చెప్తే బాపు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "అదేం కంపెనీ? దెబ్బతాకినోన్ని మళ్ళ లోపలికి తోల్తరా? పైన కూసుండి చేసే పనేదన్న ఇయ్యాలె గద! యూనియన్ లేదా ఆడ?" లేదన్నాను. "అందుకే గిట్లున్నది" అని నిట్టూర్చి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పుస్తకాన్ని జిరాక్స్ షాపుకు బాపే తీసుకుపోయి ఇచ్చాడు. (తన వంతు వెనక్కి పోయినందుకు పొట్టి నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.) నవలైతే ఇక్కడ మా ఇద్దరి మధ్య ఏదో జరగాలి. ఏమీ జరగలేదు. పుస్తకం తిరిగిచ్చేనాటికి అతని చేతికట్టు విప్పేశారు. "రెక్క అతికిస్తరనుకున్న" అన్నాడు, అంతే. నేను కూడా అనుకున్నానన్నాను. ఆ తర్వాత అతన్ని "అన్నా" అని పిలవలేకపోయాను, వేరే పిలుపూ దొరకలేదు. ఊరికే పేజీలు చేతికిచ్చి "రెండు" అనేదాన్ని. రెండేళ్ళకు అతని పెళ్ళయింది. మేమంతా పోయాం. భోజనాల దగ్గర మా బావ అతని పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించాడు.

నేనిప్పుడు మంచిర్యాలలో ఒక బళ్ళో టీచర్ని. మొన్న వానలకు బడి మూసిన సెలవుల్లో ఆ మూడు భాగాలూ మళ్ళీ చదివాను. చదువుతుంటే ఎక్కడో తేడా కొట్టింది. రాజు గుహలో రెక్క విరిగి పడి ఉన్నప్పుడు ఒకప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఇప్పుడేమో, ఈ పోరడు ఆ చలిలో ఏం తిన్నాడో, వీణ్ని కన్నతల్లి ఎక్కడుందో, యుద్ధానికి పోయేముందు ఎవరైనా ఆ రెక్కకు కట్టు కట్టారా అనే ఆలోచనలు. వయసు చూస్తే పందొమ్మిది. మా బడి నుంచి నిన్నగాక మొన్న పాసై పోయిన పిల్లల ఈడు! నాకు ఇన్నేళ్ళు వచ్చాయి గానీ అతనికి ఒక్క ఏడూ రాలేదు. ఇప్పుడు అతను మా గుమ్మంలో దిగితే తలంటుకుని పరుగెత్తను. "లోపలికి రా బిడ్డా, ముందు ఇంత అన్నం తిను" అంటాను. అతనేమో నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగిచూసి, నల్లా దగ్గర ఫోన్ పట్టుకుని తనకోసం ఒళ్ళు మరిచిన ఆ పిల్లేదీ అని అడుగుతాడు. ఏం చెప్పను? ఇప్పటిదాకా ఇక్కడే ఉండె నాయినా అనాలి.